పదమూడో అయిదుగడి

మనవరాలు లోపలికి వెళ్లి, తలుపు దాని వెనక మెల్లగా మూసుకుని, గొళ్లెం టక్కుమన్నాక గాని నా గుండె జారలేదు. అంతవరకు బాగానే ఉన్నాను. యూనివర్సిటీ వరండాలో బెంచీ ఎత్తుగా ఉండి కాళ్లు నేలకు అందకపోతే చెప్పులు వదిలేసి, సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎదుటి గోడకు వరసగా తగిలించిన పెద్దల ఫోటోలు చూస్తూ, ఇంత చదివి వీళ్లలో ఒక్కరూ నవ్వలేదేమిటా అనుకుంటూ కూర్చున్నాను. లోపలికి వెళ్లే ముందు పిల్ల నా పక్కన కూర్చుని తను చెప్పబోయేదంతా మరోసారి వల్లెవేసుకుంది. చిన్నప్పటినుంచీ దానికి అదే అలవాటు. పరీక్ష అంటే ముందు నాకు అప్పజెప్పాలి. నాకు అర్థం కానక్కర్లేదు, తల ఊపితే చాలు. ఊపాను. చివర్లో నేను అల్లిచ్చిన గుండ్రటి పేము బంతిని రెండు చేతుల్లో పట్టుకుని, "ఇందులో అయిదు పక్కల గడులు సరిగ్గా పన్నెండు. ఏడు పక్కల గడి ఒక్కటి కూడా లేదు. అందుకే ఇంత గుండ్రంగా వచ్చింది. నా వాదనంతా ఇదే అమ్మమ్మా" అంది. దానికీ తల ఊపాను. ఊపిన తల ఇంకా ఆగకముందే అది లేచి వెళ్లిపోయింది. ఆ బంతిలో ఏడు పక్కల గడి ఉంది. నేనే పెట్టాను. అయిదు పక్కలవి పన్నెండు కావు, పదమూడు.

బంతి అల్లిపెట్టమన్నప్పుడు బల్ల మీద ముచ్చటగా పెట్టుకోవడానికి అనుకున్నాను గాని, దాన్ని పట్టుకుని పెద్దవాళ్ల ముందు ప్రమాణం చేస్తుందని నాకేం తెలుసు. రెండు అడిగింది. ఒకటి నున్నగా, గుండ్రంగా. ఇంకొకటి కావాలని ఏడుగడులు వేసి, సొట్టలు సొట్టలుగా, కింద పడ్డ చెంబులా. సొట్టది సులువుగానే అయింది, తప్పులు వేయమంటే నా చేతికి కొత్తా. గుండ్రంది మాత్రం చివర్లో ప్రాణం తీసింది. బంతి మూసుకొచ్చే చోట వేలు దూరదు. కంటికి ఆపరేషన్ అయ్యాక ఎండ వెలుగులో తప్ప బద్ద అంచు ఆనదు. పన్నెండో అయిదు ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. విప్పాలంటే రెండు రోజుల పని. అప్పుడు నా చేతులు, నన్ను అడగకుండానే, యాభై ఏళ్ల కిందటి పని చేశాయి. ఆ అయిదు పక్కనే ఒక ఏడు వేశాయి, ఏడు వేసినందుకు ఇంకో అయిదు వేశాయి, బంతి మూసుకుంది. తడిగుడ్డ చుట్టి, అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలో అదిమి, మీద రాయి పెట్టి ఆరబెట్టాను. మూడో రోజుకు చూస్తే ఎక్కడ తప్పిందో నాకే కనపడలేదు. పిల్ల ఫోన్ చేసి "పన్నెండే కదా" అంటే "పన్నెండే" అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

నాకు చదువు లేదు గాని ఇది మాత్రం నా చేతులకు పుట్టు విద్య. ఆరు పక్కల గడి అల్లుకుంటూ పోతే ఎంత దూరమైనా చాపలా పరుచుకుంటుంది, పైకి లేవమన్నా లేవదు. ఒక్కచోట ఒక బద్ద తగ్గించి అయిదు పక్కల గడి వేశావా, అక్కడ లేస్తుంది, పిల్లాడి టోపీలా. అయిదులు దగ్గర దగ్గరగా వేస్తే మొన తేలుతుంది. రెండు కొసల్లో ఆరేసి వేస్తే డోలులా పొడుగవుతుంది. పన్నెండూ సమానంగా చల్లితే బంతి. ఏడు వేస్తే దీనికి ఎదురు, అంచులు విచ్చుకుని కుచ్చిళ్లలా అల్లాడతాయి. ఏడేళ్ల కిందట మనవరాలు, ఇంట్లో అందరూ సందేహాలమ్మ అని పిలిచే పిల్ల, సెలవులకు వచ్చి నేను బుట్ట అల్లుతుంటే చూసి చూసి, "అమ్మమ్మా, నేను చదివేది ఇదే" అంది. నవ్వాను. ఇంత చదువు చదివి బుట్టలా అన్నాను. కాదట. మంట మీద గాజుపలక పెడితే పట్టే మసి ఉంది చూడు, అది చదువుతోందట. ఆ మసి నలుసులు వెంట్రుక మందానికి అడ్డంగా పేరిస్తే వేలల్లో పడతాయట. ఒక్కో నలుసు ఉల్లిగడ్డలా పొర మీద పొర. ఒక్కో పొరా ఆరు పక్కల గడుల వలేనట. ఎక్కడ అయిదు పడితే అక్కడ వంగుతుందట, ఎక్కడ ఏడు పడితే అక్కడ వెనక్కి తిరుగుతుందట. ఎన్ని తప్పులు ఎక్కడ పడ్డాయో దాన్నిబట్టే ఆ నలుసు బంతో, మూలలు దేరిన రాయో, సొట్టచెంబో. "వాటిని మేం లోపాలంటాం" అంది. "లోపం అంటావేమే, అది లేకపోతే నీ మసి చాపలా పడుండేది" అన్నాను. ఆ మాట రాసుకుంది కూడా.

రాసుకోకుండా ఉంటే బాగుండేది. నాతో అసలు మాట్లాడకుండా ఉంటే ఇంకా బాగుండేది. లోపల ముగ్గురున్నారు. దాని గైడు మేడం ఒకరు, ఆవిడ మంచిదే, నాకు నమస్కారం కూడా పెట్టింది. వేరే చోటునుంచి వచ్చిన ఇంకొకావిడ. మూడో ఆయన దళసరి కళ్లద్దాల పెద్దాయన. పోయినసారి దీన్ని వెనక్కి పంపింది ఆయనే, లెక్కలో ఎక్కడో ఒక్కటి తేడా వచ్చిందని. పిల్ల ఆరు నెలలు మనిషి కాలేదు. తల దువ్వుకోలేదు, పలకరిస్తే ఉలిక్కిపడేది. ఈసారీ వెనక్కి పంపితే మూడోసారి లేదట, ఏడేళ్ల చదువు అంతటితో సరి. వాళ్లమ్మ, అంటే నా కూతురు, డ్యూటీ వదిలి రాలేక నన్ను పంపింది. "నువ్వు ఉంటే దానికి ధైర్యం అమ్మా" అంది. ధైర్యం. బంతికి ఎర్రదారం కట్టాను. అది గుర్తొచ్చి ప్రాణం నీరుకారిపోయింది. పని ముగిసిన చోట ఎవరి దారం వాళ్లు కట్టడం ఒకప్పుడు నేను కుర్చీలు అల్లిన షెడ్డులో పద్ధతి. దారం చూసి ఇది ఫలానా మనిషి చేతిపని అని చెప్పేవారు. అల్లిక ముగిసేది ఎక్కడ, వేలు దూరని చోట. తప్పు పడేదీ అక్కడే. ఆ దారం ఇదిగో ఇక్కడ చూడండి అని వేలెత్తి చూపిస్తున్నట్టే. దారం పట్టుకుని బంతిని ఎత్తి చూస్తే చాలు.

చీపురు, బకెట్టు పట్టుకుని ఆ వరండా ఊడ్చే ఆవిడ వచ్చి నా చెప్పులు పక్కకు జరిపి, నన్ను చూసి ఆగింది. "ఏం మామ్మగారూ, లోపలున్నది మీ మనవరాలా?" అంది. అవునన్నాను. "పెద్దాయన వచ్చాడా?" అంది. వచ్చాడన్నాను. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని మరీ నవ్వింది. "ఆయన మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెడతాడండీ. ఓసారి నన్ను ఆపి, ఈ వరండాలో నలభై రెండు పలకలున్నాయి, నువ్వు నలభై ఒకటే తుడిచావన్నాడు. వెళ్లి చూస్తే బీరువా కింద ఒకటి, నిజమే." నా మొహంలో ఏం కనపడిందో, నవ్వు ఆపేసింది. "మంచినీళ్లు తాగుతారా? మనిషి చెడ్డవాడు కాదులెండి. లెక్క సరిపోతే పల్లెత్తు మాటనడు." లెక్క సరిపోతే. ఆవిడ నీళ్ల సీసా ఇచ్చింది, తాగలేదు. సీసా చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా ఎదుటి పలకలు తుడుచుకుంటూ పోతుంటే నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదమూడు దగ్గర ఆగిపోయాను.

మూసిన తలుపు. బయట నేను. ఇదివరకూ ఇలాగే. అది చెక్క తలుపు కాదు, రేకు తలుపు, షెడ్డులో మేస్త్రీ గది తలుపు, ఎండకు కాలిపోతుండేది. బెంచీ కాదు, బోర్లించిన గంప. నేనూ మా తోటికోడలూ ఒకే షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని కుర్చీలు అల్లేవాళ్లం, ఆరుగడుల అల్లిక, సీటు చాపలా ఉండాలి, కూర్చుంటే జారకూడదు, గుచ్చకూడదు. దానికి నోరెక్కువ, నాకు వేగమెక్కువ. "అక్కా, నువ్వు అల్లేది కుర్చీయా, పారిపోతున్న దొంగవా" అనేది. అప్పుడు నాకు ఆరు నెలల చంటిపిల్ల. పిల్ల ఏడుపు చెవిలో పడుతుంటే చేతులు పరిగెత్తేవి. ఒకరోజు సీటు మధ్యలో ఒక అయిదుగడి పడింది. విప్పలేదు. పాతవాళ్లు నేర్పిన కిటుకు ఉంది, జత కట్టడం అనేవాళ్లు దాన్ని. అయిదు పైకి లేపుతుంది, పక్కనే ఏడు వేస్తే అది కిందికి లాగుతుంది, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. తడిపి రాయి పెడితే ఇక దేవుడు కూడా కనిపెట్టలేడు. జత కట్టాను. ఆ వారం నా ఎర్రదారం అయిపోతే, తెచ్చుకునే తీరిక లేక, తోటికోడలి తెల్లదారం ముక్క తీసుకుని కట్టాను. తర్వాత మారుద్దామనుకున్నాను, అంతే. ఒట్టు, అంతే అనుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను. ముసురు పట్టి పదిహేను రోజులు కుర్చీలు తేమలో ఉన్నాయి. పేము తడి తగిలితే తన అసలు ఆకారం గుర్తు తెచ్చుకుంటుంది. సీటు మధ్యలో బుడిపె, పక్కన గుంట. కొన్నవాళ్లు ఆ కుర్చీ ఒక్కటే కాదు, బండెడు కుర్చీలూ వెనక్కి తెచ్చి షెడ్డు ముందు కుమ్మరించారు. మేస్త్రీ కుర్చీ తిరగేసి తెల్లదారం చూసి, తోటికోడల్ని గదిలోకి పిలిచాడు.

తలుపు మూశారు. నేను గంప మీద కూర్చున్నాను. లోపలినుంచి మాటలు వినపడుతున్నాయి. "నీ దారమేనా?" "నాదే." "ఏడుగడి నువ్వే వేశావా?" అప్పుడు అది మాట్లాడలేదు. నోరెక్కువ మనిషి, మాట్లాడలేదు. ఆ మౌనం ఎంతసేపుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ కాసేపట్లో నేను లేచి రెండడుగులు వేసి తలుపు తోస్తే అయిపోయేది. లేవలేదు. చంటిపిల్ల ఉంది కదా అనుకున్నాను. దానికి పిల్లల్లేరు కదా అని కూడా అనుకున్నాను, ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది బయటికి వచ్చింది. నా వంక చూడలేదు. తన బద్దలు చీల్చే కత్తి, నీళ్ల చెంబు, కూర్చునే గోనెపట్టా తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, నేను సగంలో వదిలిన సీటు మీదికి వంగి, మామూలుగా, ఎప్పటి గొంతుతోనే, "లెక్క చూసుకున్నావా అక్కా" అంది. ఆ రోజునుంచి ఈ రోజు దాకా ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. నా పిల్లల్ని తన పిల్లల్లా పెంచింది. ఒక్కసారి ఆ ఊసెత్తలేదు. కానీ నేను ఏ బుట్ట ముగించినా, చేట కట్టినా, ఆఖరికి బట్టలు ఆరేసి లోపలికి వచ్చినా, "లెక్క చూసుకున్నావా అక్కా" అంటుంది, నవ్వుతూ. ఇంట్లో వాళ్లంతా అది మా ఇద్దరి సరసం అనుకుంటారు. నిన్న ఈ సంచీ సర్దుతుంటే, బంతి చేతిలో తిప్పి చూసి, అదే మాట అంది. చూశానులే అన్నాను. అది ఒక్క క్షణం ఎక్కువసేపు తిప్పిందా? ఎర్రదారం మీద బొటనవేలు పెట్టిందా? పెట్టింది. దాని చేతులూ నా చేతుల్లాంటివే కదా.

లోపల గైడు మేడం గొంతు. తర్వాత పిల్ల గొంతు, గబగబా, భయపడితే అది అలాగే మాట్లాడుతుంది, మాటకూ మాటకూ మధ్య సందు ఉండదు. కుర్చీ జరిగిన చప్పుడు. లేచాడు, ఆయనే, బంతి అందుకోవడానికి లేచాడు. నాకు కనపడుతోంది. తలుపు గాజుది కాదు, అయినా కనపడుతోంది. దారం పట్టుకుని ఎత్తాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు, ఒకటి, రెండు. చెప్పకపోతే ఏమవుతుంది? కనిపెట్టకపోవచ్చు. అదిమి ఆరబెట్టాను, నాకే కనపడలేదు. కనిపెట్టకపోతే పిల్ల పాసవుతుంది, ఇంటికెళ్తాం, వాళ్లమ్మ ఏడుస్తుంది సంతోషంతో. కనిపెడితే అది అబద్ధం చెప్పినట్టవుతుంది. అది చెప్పలేదు, నేను చెప్పాను, నా మాట నమ్మింది. నేను వెళ్లి చెబితే మాత్రం? నా చేతులతో నేనే దాని గొంతు నులిమినట్టు. కనిపెట్టేవాడో కాదో తెలియకుండానే. కూర్చో. ముసలిదానివి, నిన్నెవరడిగారు. కూర్చో. తలుపు అవతలినుంచి పెద్దాయన గొంతు నెమ్మదిగా, "ఇందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయని నువ్వే లెక్కపెట్టావా అమ్మాయ్?" అన్నది. పిల్ల మాట్లాడలేదు.

ఆ మౌనం నాకు తెలుసు. ఎంతసేపుంటుందో కూడా తెలుసు.

చెప్పులు వేసుకోలేదు. చల్లటి పలకలు, రెండడుగులు కాదు, నాలుగు. తలుపు తోశాను. నలుగురూ తలెత్తారు. పెద్దాయన చేతిలో బంతి, కింద వేలాడుతూ ఎర్రదారం. పిల్ల మొహం సున్నం కొట్టినట్టుంది. "అమ్మమ్మా, నువ్వెందుకు" అంటోంది. "అది అల్లింది నేను బాబూ. అందులో అయిదులు పదమూడు. పక్కన ఒక ఏడు ఉంది. పిల్లకు తెలియదు. పన్నెండని నేనే చెప్పాను" అన్నాను. ఆయన బంతి నా చేతికిచ్చాడు. "ఎక్కడుందో చూపించండి." చూడనక్కర్లేదు, వేలికి తెలుసు. దారం పక్కన, మూడో గడి. ఆయన వంగి లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ, బడిపిల్లాడిలా. మొత్తం బంతి చుట్టూ తిప్పి లెక్కపెట్టాడు. "పదమూడు" అన్నాడు. అని పిల్ల వైపు తిరిగాడు. "గుండ్రంగా ఉంటే ఏడు లేనట్టే అన్నావు ఇందాక. ఇది గుండ్రంగానే ఉంది. ఏమంటావు?" అయిపోయింది. చేశాను. ఆ క్షణం ఈ జన్మకు సరిపడా భయం చూశాను. పిల్ల నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉన్నా నాకు కనపడలేదు, అది లోపల ఎక్కడో లెక్క వేసుకుంటోంది. "ఎలా దాచావు?" అని నన్నడిగింది. తడిపి, అదిమి, ఆరబెట్టానన్నాను. "మళ్లీ తడిపితే?" అంది. "దాని ఆకారానికి అది వస్తుంది" అన్నాను.

నా చేతిలో నీళ్ల సీసా ఇంకా ఉంది. నేను మర్చిపోయాను, అది చూసింది. టీ గ్లాసులు తీసేసి ఆ పళ్లెంలో బంతి పెట్టి, సీసా అంతా దాని మీద ఒంపింది. కాగితాలు తడుస్తాయని గైడు మేడం అటూ ఇటూ తీసింది. పేముకు తొందర ఉండదు. పెద్దాయన గడియారం చూసుకోలేదు. అందరం పళ్లెం మీదికి వంగి ఉన్నాం, జ్వరం వచ్చిన పిల్లను చూస్తున్నట్టు. ముందు ఒక చిన్న టక్కుమన్న చప్పుడు. ఎర్రదారం పక్కన బుడిపె తేలింది. దాని పక్కన, ఎవరో వేలితో నొక్కినట్టు, గుంట. పిల్ల ఆ గుంట మీద వేలు పెట్టింది. "నా మసి నలుసుల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి సార్. చూడ్డానికి గుండ్రంగానే ఉండి, కొలిమిలో బాగా వేడి చేస్తే మూలలు తేలాయి. నా వాదనకు సరిపోలేదు. ఆ ఫోటోలు పుస్తకం చివర్లో పెట్టాను. వాటి గురించి ఒక్క మాటా రాయలేదు" అంది. మళ్లీ తనే, "భయపడ్డాను" అంది. పెద్దాయన కళ్లద్దాలు కిందికి దించుకుని కూర్చున్నాడు. "ఆ పేజీ తియ్" అన్నాడు. ఆ గొంతులో ఏముందో నాకు తెలియలేదు. మనవరాలు పేజీలు తిప్పుతూ, తలెత్తకుండానే, "వెళ్లి కూర్చో అమ్మమ్మా, చెప్పులు వేసుకో, నేల చల్లగా ఉంది" అంది.

తలుపు మళ్లీ మూసుకుంది. చెప్పులు కాళ్లకు తగిలించుకుని బెంచీ మీద కూర్చున్నాను. లోపల మాటలు నడుస్తున్నాయి, ఆయనవి కొన్ని, దానివి ఎక్కువ. మాటకూ మాటకూ మధ్య ఇప్పుడు సందు ఉంది. పాసవుతుందో, వెనక్కి పంపుతారో నాకు తెలియదు. భయం పోలేదు, గుండెలో అలాగే కూర్చుని ఉంది. కూతురికి ఏం చెప్పాలో తెలియదు. సంచీలోంచి ఫోన్ తీసి, బొమ్మ చూసి నొక్కాను, కూతురి బొమ్మ కాదు, తోటికోడలిది. రెండో రింగుకే ఎత్తింది, చేతిలో పెట్టుకునే కూర్చున్నట్టుంది.

"ఏమైంది అక్కా, పాసైందా?"

"ఇంకా లోపలే ఉంది."

"మరి ఫోనెందుకు చేశావు? నా గుండె ఆగిపోయింది."

"ఆ రోజు వెనక్కి వచ్చిన కుర్చీ," అన్నాను. నోరు తడారిపోయింది, నీళ్లు బంతి మీద పోసేశాం. "ఆ తెల్లదారం కుర్చీ. అందులో ఏడుగడి వేసింది నేనే. తలుపు బయట కూర్చుని అంతా విన్నాను. లేవలేదు."

అవతల కుక్కరు మూత చప్పుడు, కుళాయి కట్టేసిన చప్పుడు. ఆ తర్వాత ముక్కు చీదింది. దాని గొంతు మామూలుగానే వచ్చింది, ఎప్పటిలాగే, కాస్త తడిగా.

"బంతి లెక్క చూసుకున్నావా అక్కా?"

"చూశాను," అన్నాను. "పదమూడు."